కల పడ్డది

“రాత్రి కలల వడ్డవు కొడుకా, పాణం మంచిగున్నదా?” నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల పక్కల గల్ఫ్‌కు పోయిన కొడుకుతో తల్లి ఫోన్‌లో మాట్లాడితే ముందు వచ్చే మాట ఇది. కొడుకు కలలు కంటూ విమానం ఎక్కాడు: స్లాబు ఇల్లు, చెల్లె పెండ్లి, తీరిపోయే అప్పు. తల్లికి మాత్రం కల పడుతుంది. కొడుకుది కనడం, తల్లిది పడడం.

ముందు కల సంగతి. తమిళంలో కనవు, కన్నడంలో కనసు, మలయాళంలో కినావు. తెలుగులో ఆ న ఉన్న చోట ల నిలబడి ‘కల’ అయింది. కన్నుతో చూసేది కాబట్టి కనసు అని చెప్పబుద్ధేస్తుంది. కానీ తమిళంలో కన్నుకు రాసే ణ వేరు, కనవుకు రాసే న వేరు. రెంటినీ ఒక మూలానికి కట్టడం అంత సులువు కాదు. ఇక ‘కను’కు చూడటం, ప్రసవించడం అని రెండు అర్థాలు. ద్రావిడ నిరుక్త నిఘంటువు వీటిని రెండు వేరు ధాతువులుగానే చూపిస్తుంది. మనం కల కన్నప్పుడు చూశామా, పుట్టించామా అన్నది వాక్యం తేల్చదు.

‘పడు’కు ఆ తికమక లేదు. ‘నేను కల కన్నాను’ అన్నప్పుడు పనిచేసింది నేను. ‘నాకు కల పడ్డది’లో నేను చతుర్థీ విభక్తిలోకి జరిగిపోతాను, ఆకలైనట్టు, జ్వరం వచ్చినట్టు. వాన పడుతుంది, పిడుగు పడుతుంది, కల కూడా అంతే. ‘కల వచ్చింది’ కూడా ఈ పక్కదే, కాకపోతే కొంచెం మర్యాదగా వస్తుంది.

కల కంటామా, కల పడుతుందా అన్నది శాస్త్రంలోనూ తగవే. నిద్రలో కళ్లు రెప్పల కింద వేగంగా కదిలే దశ ఒకటుందని షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ 1953లో ప్రకటించారు. ఆ దశలో లేపితే మనుషులు ఎక్కువగా కలలు చెబుతారు. 1977లో హార్వర్డ్‌కు చెందిన హాబ్సన్, మెకార్లీ ఇంకో అడుగు వేశారు. మెదడు అడుగున ఉండే కాండం నుంచి ఉత్తేజాలు పైకి ఎగజిమ్ముతాయి, పై పొర వాటికి తోచిన కథ అల్లుకుంటుంది అన్నారు. ఏర్గట్ల తెలుగులో చెప్పాలంటే, ముందు పడుతుంది, తర్వాత కంటాం. మార్క్ సోమ్స్ దీన్ని ఒప్పుకోలేదు. కాండం దెబ్బతిన్నా కలలు వచ్చేవాళ్లున్నారనీ, మెదడు ముందుభాగంలో కొన్నిచోట్ల దెబ్బ తగిలితే కలలే ఆగిపోతాయనీ రోగులను చూసి చెప్పాడు. ఆయనది ‘కను’ పక్షం. తగవు ఇంకా తెగలేదు. నా ఓటు ‘పడు’కే.

తెల్లారుజామున పడ్డ కల నిజమైతదంటారు. నిజమవడం మాటెలా ఉన్నా, ఆ కలను పట్టించుకోవడానికి కారణముంది. కళ్లు కదిలే దశ మొదట నిద్రపట్టిన గంటన్నరకు వచ్చి కొద్ది నిమిషాలే ఉంటుంది. తెల్లవారే కొద్దీ అరగంటకు పైగా సాగుతుంది. పొడుగాటి కల, అది ముగిసీ ముగియకముందే మెలకువ. అందుకే గుర్తుంటుంది.

కవులకు ఈ ‘పడు’ బాగా పనికొచ్చింది. తిక్కన కలలో తండ్రి కొమ్మన, ఆ తర్వాత హరిహరనాథుడు కనిపించి భారతానికి అనుమతి ఇచ్చారు. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు రాయలకు కలలో చెబితే ఆముక్తమాల్యద వచ్చింది. కావ్యమర్యాద అని కొట్టేయవచ్చు గానీ, శాస్త్రవేత్త ఒట్టో లోవీ కవి కాదు. నరం గుండెను రసాయనంతోనే నెమ్మదింపజేస్తుందా అన్నది తేల్చే ప్రయోగం ఆయనకు కలలో తోచింది. రాత్రి లేచి గిలికిన కాగితం తెల్లారాక ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల పడితే నేరుగా ప్రయోగశాలకే పోయి, కప్ప గుండెల మీద చేసి చూశాడు. 1921లో ప్రకటించాడు, 1936లో నోబెల్ వచ్చింది. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్. కలల నిద్రలో మెదడును ఉత్తేజపరిచే ముఖ్య రసాయనం కూడా అదే కావడం విచిత్రం.

మెలకువలో కూడా పడేవి ఉన్నాయి. కలల నిద్రలో మెదడులో ‘ఇది సరా, తప్పా’ అని సరిచూసే ముందుభాగం మందగిస్తుందని 1997లో ఆలెన్ బ్రౌన్ బృందం స్కాన్లలో చూసింది. అదే బ్రౌన్ 2008లో చార్లెస్ లింబ్‌తో కలిసి ఆరుగురు జాజ్ పియానో వాద్యకారులను స్కానర్‌లో పడుకోబెట్టి అప్పటికప్పుడు కల్పించి వాయించమన్నాడు. అక్కడా ఆ భాగంలో చాలామేర మందగించింది. బోధన్ పక్క అమ్దాపూర్ చిందు భాగవత కళాకారిణి చిందుల ఎల్లమ్మను ఎవరూ స్కానర్‌లో పెట్టలేదు. తెల్లవార్లు సాగే చిందు ఆటలో ముందున్న జనాన్ని బట్టి పాట పెరుగుతుంది, మాట మారుతుంది. చూసేవాళ్లకు సగం నిద్రమత్తు. అక్కడ ఆట ఎక్కడ ఆగి కల ఎక్కడ మొదలైందో ఎవరు చెప్పాలి?

ఇంతదాకా వచ్చాం కనుక, కల నుంచే కళ పుట్టిందని సభల్లో చెప్పే మాట గురించి కూడా. చప్పట్లకు అది సరిపోతుంది, శబ్దశాస్త్రానికి సరిపోదు. కళ సంస్కృతపు ‘కలా’, చంద్రుడిలో పదహారో వంతు. తెలుగులోకి వచ్చాకే ళ తగిలించుకుంది. ఇందూరు (నిజామాబాద్) దిక్కు ‘కలాకార్’ అంటే నాలిక తిరగక కాదు, ఆ మాట హిందీ, ఉర్దూల దారిన ల తోనే వచ్చింది.

‘కలలు కనండి’ అని బడిగోడల మీద రాసి రాసి కనడాన్ని ఆశపడటంగా మార్చేశాం. నిద్రలో వచ్చే అసలు కలకు మిగిలిన నికార్సయిన క్రియ ‘పడు’. దాన్ని యాస అని దిద్దకండి. మీ ఊళ్లో కలకు ఏ క్రియ వాడతారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి.