తేలినీలాపురం పక్షుల విడిది కేంద్రం

తేలినీలాపురం శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని గ్రామం. దూర ప్రాంతాల నుంచి పక్షి ప్రేమికులు తరలివచ్చే పక్షుల విడిది కేంద్రం ఇది. ఏటా వర్షాకాలం చివర్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడికి చేరి, ఊరి చెట్ల మీద పుల్లలతో గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. చుట్టుపక్కల చెరువులు, నౌపడా తీరంలోని చిత్తడి నేలలు వీటికి చేపలను అందిస్తాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి, సగం అరిగిన చేపను తింటుంది. ఎండ కాసేటప్పుడు ఎర్రకాళ్ల కొంగ రెక్కలు చాచి పిల్లలకు నీడనిస్తుంది.

ఇవి సైబీరియా నుంచి వస్తాయన్న మాట బాగా ప్రచారంలో ఉంది. నిజానికి ఈ రెండూ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. నీటినీ మేతనూ బట్టి ఈ ప్రాంతంలోనే తిరుగుతాయి. గూడబాతును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పుకు చేరువైన జాతిగా గుర్తించింది.

పక్షులు వస్తే పంటలు పండుతాయని గ్రామస్థుల నమ్మకం. అందుకే వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. ఇదే జిల్లాలో ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి గ్రామంలోనూ నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. హౌరా–చెన్నై రైలు మార్గంలోని నౌపడా, ఇచ్ఛాపురం స్టేషన్ల నుంచి ఈ రెండు గ్రామాలకు చేరుకోవచ్చు. సందర్శకులు గూళ్లకు దూరంగా, నిశ్శబ్దంగా నిలబడి చూడాలి.