ప్రశ్న
లోకసభలో గృహనిర్మాణమును గూర్చియో పురపాలక సంఘముల నిధులను గూర్చియో సభ్యుడు మంత్రినడిగిన ప్రతి ప్రశ్నను మన పత్రికలు 'నిలదీత' యని వ్రాయుచున్నవి, ఇది తగదు. అడుగుట యను నర్థముగల 'ప్రచ్ఛ్' ధాతువునుండి పుట్టిన ప్రశ్న జిజ్ఞాసకు పేరు. ఉపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేబూని పిప్పలాద మహర్షిని వినయముతో నడిగినవి ప్రశ్నలే, దైవజ్ఞుడు లగ్నముగట్టి విచారించునదియు ప్రశ్నయే, అవధానసభలోని పృచ్ఛకుడును ఆ ధాతువు సంతతివాడే. లోకసభలో సంఖ్యకు ముందు నక్షత్రపు గుర్తున్న ప్రశ్నకు, దినమునకు 20కి మించకుండ, మంత్రి నోటితో బదులు చెప్పవలెను, అనుబంధ ప్రశ్నలకును తావుండును. గుర్తులేనిదానికి లిఖితపూర్వక సమాధానమే. గూడులేనివాని పక్షమున వివరము కోరు ఈ గౌరవకార్యమును పత్రికలవారు ప్రశ్న యనియే వ్రాయుదురుగాక.