ముప్పై తొమ్మిది అంకెల ప్రధాన సంఖ్య

127 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, ఆ లబ్ధం నుంచి 1 తీసివేస్తే 39 అంకెల సంఖ్య వస్తుంది: 170141183460469231731687303715884105727. 1తోను, తనతోను తప్ప మరే సంఖ్యతోను ఇది నిశ్శేషంగా భాగింపబడదు. 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా, యంత్రసహాయం లేకుండా, ఈ సత్యాన్ని నిరూపించాడు. 1951 వరకు, అంటే 75 సంవత్సరాలపాటు, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలో ఇదే పెద్దదిగా నిలిచింది.

ఈ వృత్తాంతానికి మూలం 1644 నాటిది. ఇటువంటి సంఖ్యలు 257 వరకు గల ఏ ఘాతాలకు ప్రధానాలవుతాయో పారిస్‌లోని క్రైస్తవ సన్యాసి మారెన్ మెర్సెన్ ఆ ఏట ప్రకటించాడు: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. నిరూపణ మాత్రం ఇవ్వలేదు. 31వ ఘాతానికి సంబంధించిన సంఖ్య ప్రధానమని 1772లో ఆయిలర్ తేల్చాడు. అంతకు మించినవి శతాబ్దం పైగా పరీక్షకు లొంగలేదు.

దీనికి కారణం ఉంది. 39 అంకెల సంఖ్యకు భాజకాలను ఒక్కొక్కటిగా వెదకబూనితే, 20 అంకెల సంఖ్యల దాకా పోవాలి. అందుకు మనుష్యుని ఆయుర్దాయం చాలదు. లూకా భాజకాలను వెదకకుండానే నిర్ణయించే మార్గం కనుగొన్నాడు. 1930లో అమెరికా గణితవేత్త డి.హెచ్. లేమర్ దానికి సులభరూపం కల్పించాడు. 4ను వర్గం చేసి, 2 తీసివేసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం గ్రహించాలి. ఆ శేషంతో మళ్ళీ అదే క్రియ చేయాలి. బేసి ప్రధాన ఘాతమైతే, దానికంటె రెండు తక్కువ పర్యాయాలు ఇలా చేయాలి. చివర సున్న మిగిలితే సంఖ్య ప్రధానమే. 31కి ఘాతం 5 గనుక మూడు పర్యాయాలు చాలు. శేషాలు 14, 8, 0.

మెర్సెన్ జాబితాలోని 67 తప్పని కూడా లూకా 1876లోనే చూపాడు. అయితే ఆ సంఖ్యకు భాజకాలేవో ఆయన చెప్పలేదు. 193707721, 761838257287 అనే ఆ భాజకాలను 1903లో అమెరికాలో ఎఫ్.ఎన్. కోల్ ప్రకటించాడు. జాబితాలో 257 కూడా తప్పనీ, 61, 89, 107 విడిచిపోయాయనీ 1947 నాటికి తేలిపోయింది. ఒక పండితుని మాటలోని సత్యాసత్యాలను వేరుచేయడానికి మూడు శతాబ్దాలు పట్టిందన్నమాట.

లూకా పద్ధతి ప్రత్యేక రూపం గల సంఖ్యలకే పరిమితం. ఏ సంఖ్యనైనా, నిరూపితం కాని ఊహలపై ఆధారపడక, అంకెలు పెరిగినా శ్రమ మితిమీరకుండా నిశ్చయంగా పరీక్షించగలమా అన్న ప్రశ్న 2002 దాకా మిగిలింది. ఆ ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.కి చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా సాధ్యమేనని నిరూపించారు. చివరి ఇద్దరూ ఆ ఏడే బి.టెక్. ముగించినవారు.

2024 అక్టోబరులో 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య ఒకటి ప్రకటితమైంది. అదీ మెర్సెన్ పేరిట ప్రసిద్ధమైన రూపంలోనిదే. దానిని ధ్రువపరచినది లూకా, లేమర్‌ల పరీక్షే. మెర్సెన్ జాబితా నేడు చరిత్రకే పరిమితమైంది. లూకా నిరూపణ నేటికీ పనిచేస్తున్నది.