మంచానికి కట్టిన స్ప్రింగులు

జోసెఫ్ పైలేట్స్ తన వ్యాయామానికి ‘కంట్రాలజీ’ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. ఆయన ఇంటిపేరే నిలిచింది.

1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడు బక్కప్రాణి, ఉబ్బసం, రికెట్స్ వేధించాయంటారు. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. శత్రుదేశస్థుడని బ్రిటిష్‌వాళ్లు పట్టుకుని, చివరికి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడ లేవలేని రోగుల మంచాలకు స్ప్రింగులు బిగించి, పడుకునే కాళ్లూ చేతులూ ఆడించేలా చేశాడని ఒక కథ. అందులో నిజమెంతో గానీ, తర్వాత ఆయన తయారుచేసిన ‘రిఫార్మర్’ అనే వ్యాయామ పరికరాన్ని చూస్తే నమ్మబుద్ధవుతుంది. చట్రం, దాని మీద జారే పలక, చివర స్ప్రింగులు: అచ్చం మంచమే! 1920లలో న్యూయార్క్ చేరి, జీవిత సహచరి క్లారాతో కలిసి స్టూడియో తెరిచాడు. నడుమో మోకాలో పట్టేసిన నాట్యకారులు వరసకట్టారు. 1967లో పోయాడు.

ఆయన వ్యాయామం తర్వాతెప్పటికో మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగుల దాకా వచ్చింది. ఆయన పోయేనాటికి మాత్రం వైద్యులు వాళ్లకు చెబుతున్న మాట వేరు: అలసిపోవద్దు. ఈ జబ్బులో మెదడు, వెన్నుపాముల్లోని నాడీతంతువుల మీద ఉండే మైలిన్ పొర అక్కడక్కడ దెబ్బతింటుంది. నడక తూలుతుంది, ఒంట్లో సత్తువ ఉండదు. శ్రమపడ్డాక ఈ రోగులకు కాసేపు చూపు మసకబారుతోందని 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు రాశాడు. తప్పు శ్రమది కాదు, ఒంట్లో పెరిగిన వేడిది; చల్లబడితే చూపు మళ్లీ వస్తుంది. ఈ సంగతి తర్వాత తేలినా భయం మాత్రం వదల్లేదు. 1996లో అమెరికాలోని యూటాలో 54 మందితో ఒక ప్రయోగం జరిగింది. వ్యాయామం చేసిన జట్టు 15 వారాలపాటు, వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున చేసింది. వాళ్లకు దమ్మూ కండబలమూ పెరిగాయి. అక్కడినుంచి గాలి మళ్లింది.

ఇక పైలేట్స్ వంతు. నేల మీద పడుకుని, నిదానంగా, ఊపిరితో జతకలిపి చేసేది కాబట్టి ఒళ్లు అంతగా వేడెక్కదు. పైగా తూలే మనిషికి ముందు కావలసింది పొట్ట, నడుము కండరాల పట్టే కదా అని ఫిజియోథెరపిస్టులు ఆశపడ్డారు. 2016లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం ఆ ఆశ మీద నీళ్లు చల్లింది. 100 మంది మీద 12 వారాలు చూస్తే, ఊరికే ఒళ్లు సడలించుకున్న జట్టు కంటే పైలేట్స్ జట్టు నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మామూలు ఫిజియోథెరపీ వ్యాయామాలు చేసినవాళ్ల నడక మాత్రం కాస్త వేగం పుంజుకుంది. మరుసటేడు ఇజ్రాయెల్‌లో 45 మందిని చూస్తే పైలేట్స్, ఫిజియోథెరపీ రెండూ సమానంగానే పనిచేశాయి. పైలేట్స్‌ని మంత్రంలా అమ్మేవాళ్లు ఈ లెక్కలు ఎత్తరు.

నా మనసు పట్టింది అంతకుముందు, 2014లో వచ్చిన మరో చిన్న అధ్యయనం. అందులో ఉన్నది నడవలేక చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు, పట్టుమని 20 మంది కూడా లేరు. 12 వారాలు పైలేట్స్ చేశాక వాళ్లు కుర్చీలో ఒరిగిపోకుండా మెరుగ్గా కూర్చోగలిగారు. భుజం నొప్పి, వెన్నునొప్పి తగ్గాయి.