గొట్టంలో నీరు: సహజవాయువును ఆరబెట్టిన ద్రవాల చరిత్ర

పరిచయం

భూగర్భం నుంచి వచ్చే సహజవాయువులో నీటి ఆవిరి కలిసి ఉంటుంది. వాయువును పైపులైనులోకి పంపే ముందు ఈ నీటిని ఎందుకు తీసివేయాలి? అందుకు ద్రవాలను ఎలా వాడుకలోకి తెచ్చారు? ఈ భాగంలో ఈ విషయాలను తెలుసుకొందాం.

మంచు కాని మంచు

1931 నాటికి అమెరికాలో టెక్సాస్ నుంచి చికాగోకు సుమారు 1,600 కిలోమీటర్ల పైపులైను ఏర్పడింది. ఇలాంటి అధిక పీడన గొట్టాలు చలికాలంలో తరచు మూసుకుపోయేవి. లోపల నీరు గడ్డకట్టిందని చాలామంది భావించారు. అయితే ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్ కన్నా ఎక్కువ ఉన్నప్పుడు కూడా గొట్టాలు మూసుకుపోవడాన్ని ఈ వాదన వివరించలేకపోయింది. 1934లో హామర్‌ష్మిట్ అసలు కారణం చూపాడు. అది మంచు కాదు, హైడ్రేట్. అంటే నీటి అణువులు గూడులా అమరి, వాయు అణువులను లోపల బంధించగా ఏర్పడే ఘనపదార్థం. క్లోరిన్ హైడ్రేట్‌ను హంఫ్రీ డేవీ 1811లోనే వర్ణించాడు. ప్రయోగశాలలో వింతగా ఉండిపోయిన పదార్థం శతాబ్దం తరువాత పరిశ్రమకు సమస్య అయింది.

గ్లైకాల్ ఎందుకు నిలిచింది?

మొదట్లో వాడిన ద్రవాలలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం ఒకటి. అది చవకే కాని లోహాన్ని తినివేస్తుంది. 1930ల రెండో సగంలో డైఇథిలీన్ గ్లైకాల్ వాడుకలోకి వచ్చింది. టవరులో వాయువు కింది నుంచి పైకి వెళ్తుంది, గ్లైకాల్ పై నుంచి కిందికి జారుతూ నీటిని పీల్చుకొంటుంది. తరువాత గ్లైకాల్‌ను వేడిచేస్తే నీరు ఆవిరైపోతుంది, గ్లైకాల్ తిరిగి టవరుకు చేరుతుంది.

గ్లైకాల్ ఎంత గాఢంగా ఉంటే వాయువు అంత బాగా ఆరుతుంది. డైఇథిలీన్ గ్లైకాల్ సుమారు 164 డిగ్రీల వద్దే విఘటనం చెందుతుంది కాబట్టి దానిని ఎక్కువ వేడిచేయలేం. ట్రైఇథిలీన్ గ్లైకాల్‌ను సుమారు 200 డిగ్రీల వరకు వేడిచేసి, దాదాపు 99 శాతం గాఢతకు తేవచ్చు. అందుకే కాలక్రమంలో ఇదే ప్రధాన ద్రవమైంది.

ఈ పద్ధతిలోనూ లోపం ఉంది. గ్లైకాల్ నీటితోపాటు బెంజీన్‌ను కూడా పీల్చుకొంటుంది. వేడిచేసినప్పుడు అది గాలిలో కలుస్తుంది. బెంజీన్ క్యాన్సర్ కారకం కావడంతో 1999లో అమెరికా పర్యావరణ సంస్థ దీనిపై నిబంధనలు తెచ్చింది.

నగరం గ్రామం చెప్పే పాఠం

నీరు గొట్టాన్ని మూసివేయడమే కాదు, తినివేస్తుంది కూడా. వాయువులోని కార్బన్ డైఆక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లంగా మారి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించారు. పొడి వాయువు కోసం రూపొందించిన గొట్టంలో తడి వాయువును పంపారని, నిర్జలీకరణ యూనిట్‌ను ఏర్పాటు చేయలేదని విచారణలో తేలింది.

కోనసీమలో చలికి గొట్టాలు మూసుకుపోయే ప్రమాదం తక్కువే. అయినా నీటి ముప్పు అక్కడ తుప్పు రూపంలో వచ్చింది. నీటిని తీసివేసే పద్ధతి అప్పటికి ముప్పాతిక శతాబ్దంగా తెలిసినదే. ఒక పద్ధతిని కనుగొనడంతో దాని చరిత్ర ముగియదు. దానిని అవసరమైన చోట అమర్చారా లేదా అన్నది కూడా ఆ చరిత్రలో భాగమే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. హైడ్రేట్‌కు, మంచుకు గల తేడా ఏమిటి?
2. డైఇథిలీన్ గ్లైకాల్ స్థానంలోకి ట్రైఇథిలీన్ గ్లైకాల్ రావడానికి కారణం రాయండి.