ఆల్జీరియాలో ఒక సాయుధ దళము: దాని పుట్టుక, పతనము



రాజ్యములు కూలిన కథలు మనము తరచుగా వినుచుందుము. మతము పేర ఆయుధము పట్టిన యొక దళము తన జనులచేతనే విడువబడి నశించిన విధమును నేడు మీకు మనవి చేయదలచితిని.

ఆల్జీరియా ఉత్తర ఆఫ్రికాలో మధ్యధరా సముద్రపు టొడ్డున నున్నది. 132 సంవత్సరములు ఫ్రెంచివారి పాలనలో నుండి 1962లో స్వతంత్రమయ్యెను. పిమ్మట నొకే పక్షము ఏలుచు వచ్చెను. 1988 అక్టోబరులో నిరుద్యోగముచేతను, ధరలచేతను విసిగిన యువకులు వీధులకెక్కగా సైన్యము కాల్పులు జరిపెను. అంతట ఇతర పక్షములకు ననుమతి లభించెను. 1991 డిసెంబరు ఎన్నికల తొలివిడతలో ఇస్లామిక్ సాల్వేషన్ ఫ్రంటు 188 స్థానములు గెలిచెను. 1992 జనవరిలో సైన్యము ఎన్నికలను రద్దుచేసెను. మార్చిలో ఆ పక్షము నిషేధింపబడెను. వేలకొలది జనులు సహారా ఎడారి శిబిరములలో నిర్బంధింపబడిరి. హింసకు ఇది సమర్థనము కాదు. కాని కారణమును దాచుట చరిత్రకారునికి తగదు.

తిరుగబడినవారందరు నొక్క త్రోవవారు కారు. పోయిన ఎన్నికల ఫలము మరల దక్కిన చాలునని కొందరు తలచిరి. అది చాలదని వేరుపడినవారు 1992–93లో 'సాయుధ ఇస్లామిక దళము'గా నేర్పడిరి. సంభాషణము గాని సంధి గాని కూడదని వారి పట్టుదల. వారు పత్రికాకారులను, ఉపాధ్యాయులను, విదేశీయులను చంపిరి. అయినను అల్జీర్సు నగరమునకు దక్షిణమున నున్న మితీజా మైదానపు పల్లెలలో వారికి తొలుత ఆదరము లేకపోలేదు. వర్తకులు మొదట ఇష్టపడి ధనమిచ్చిరి. పిదప భయపడి యిచ్చిరి. ఆ భేదమును దళనాయకులు గుర్తింపలేదు.

1994లో జమాల్ జితూనీ నాయకుడయ్యెను. ఆ యేడే ఫ్రంటు పెద్దలు కొందరు దళముతో కలిసియుండిరి; వారిలో మహమ్మద్ సయీదును 1995లో దళమువారే చంపిరి. ముస్లిమునే మతభ్రష్టుడని ప్రకటించుటను అరబ్బీలో 'తక్ఫీర్' అందురు. 1996లో నాయకుడైన అంతర్ జువాబ్రీ తమకు తోడురాని జనులందరికిని ఆ ముద్రయే వేసెను. 1997 ఆగస్టులో రాయిస్ నందును, సెప్టెంబరులో బెంతల్హా యందును రాత్రివేళ వందలకొలది స్త్రీలు, బాలురు, వృద్ధులు వధింపబడిరి. ఆ ప్రాంతములు 1991లో ఫ్రంటునకే వోటువేసినవి! నన్ను మిక్కిలి కలచిన సంగతి యిదియే. సమీపమున సైనికులుండియు రక్షింప రాలేదని బ్రతికినవారు చెప్పిరి. ప్రభుత్వము ఆ నిందను త్రోసిపుచ్చెను.

అంతటితో దళమునకు దిక్కు లేకపోయెను. విదేశములలో దానిని పొగడిన జిహాదు పండితులు సైతము 1996లోనే చేయి విడిచిరి. పల్లెవారు ప్రభుత్వ మిచ్చిన తుపాకులు పట్టి కావలి కాచిరి. 1997 అక్టోబరున ఫ్రంటు సైన్యము పోరు నిలిపెను. 1998లో హసన్ హత్తాబ్, సామాన్యజనులను చంపరాదని చెప్పి, తన వారితో విడిపోయి వేరు దళము కట్టెను. 1999 నాటి క్షమాశాసనము వేలమందిని ఇండ్లకు రప్పించెను. 2002 ఫిబ్రవరిలో జువాబ్రీ బూఫారిక్ పట్టణమున సైనికులచేత హతుడయ్యెను.

హత్తాబ్ దళమును పిదప ఇతరుల చేతబడి, 2006లో అల్‌ఖైదాతో కలిసి, 2007లో పేరు మార్చుకొని, మెల్లగా దక్షిణపు టెడారులకు జరిగెను. దాని నాయకుడు ద్రూక్దెల్ 2020లో మాలీ దేశమున మరణించెను. చీలికనుండి చీలిక పుట్టెనే గాని, స్వదేశమున నిలువనీడ దొరకలేదు.

ఈ యుద్ధమున మృతులు లక్షనుండి రెండు లక్షలవరకు నుందురని అంచనాలు. అదృశ్యులైన బిడ్డల చిత్రపటములు చేతబట్టి తల్లులు అల్జీర్సు వీధులలో ఏండ్ల తరబడి నిలిచిరి. శాసనములు తుపాకులను దింపగలిగెను గాని ఆ తల్లులకు ప్రత్యుత్తర మీయలేకపోయెను.

అడవిలోని తుపాకికి ఊరిలోని అన్నమే ఆధారము. వోటు పెట్టె మూసిన ప్రభుత్వము ఆ దళమునకు దారి తీసెను. పొరుగువానిని పరాయివానిగ జేసిన దళము తన దారి తానే మూసికొనెను. ఈ రెండు తప్పులను వేర్వేరుగ నెంచుకొనవలెనని నా మనవి.