సంగటి ముద్ద, రబ్బరు బంతి: సీమలో కుక్కలకు పని నేర్పిన చరిత్ర

పాత కర్నూలు, కడప జిల్లాల్లో కుక్కకు మూడు పనులుండేవి: రాత్రిపూట గొర్రెల మందకు కాపలా, అడవిలో వేట, కోతలయ్యాక కళ్లం దగ్గర కాపు. మొరగడం, తరమడం కుక్కకు పుట్టుకతో వస్తాయి. ఎవరిని చూసి మొరగాలో, దేన్ని తరమకూడదో మాత్రం నేర్పాలి. అలా నేర్పడమే వృత్తిగా బతికినవాళ్లు ఈ మెట్ట సీమలో ఇటీవలి దాకా లేరు. గొర్రెల కాపరి, చెంచు, బోయ, రైతు, ఎవరి కుక్కను వాళ్లే మాలిమి చేసుకున్నారు. అందుకే ఈ చరిత్ర గ్రంథాల్లో కన్నా గుడి గోడల మీద, దేవర కొలుపుల్లో, మందల దగ్గరి అలవాట్లలో ఎక్కువగా దొరుకుతుంది.

జంతువులకు పని నేర్పేవాళ్ల ప్రస్తావన మాత్రం ఇక్కడ చాలా పాతది. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో, తుగ్గలి మండలం ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దపు అశోకుడి శాసనాలున్నాయి. పద్నాలుగు శిలాశాసనాలూ, చిన్న శాసనాలు రెండూ ఒకేచోట ఉండటం ఆ బండల ప్రత్యేకత. రెండో చిన్న శాసనం మావటివాళ్లను, కరణాలను, వాహనాలకు గుర్రాలను మలిచేవాళ్లను, బ్రాహ్మణ గురువులను ఒకే వరసలో నిలబెడుతుంది. తమ శిష్యులకు వీళ్లు పెద్దల నాటి పద్ధతిని నేర్పాలని ఆజ్ఞ. తల్లిదండ్రుల మాట వినడం, ప్రాణుల మీద దయ చూపడం, నిజం పలకడం ఆ శాసనం చెప్పే ధర్మాలు. మనుషులతో పాటు పశువులకూ వైద్యం అందించిన సంగతి అక్కడి రెండో శిలాశాసనంలో ఉంది. వీటిలో కుక్క ఊసు లేదు. ఏనుగు, గుర్రం రాజు సొత్తు కాబట్టి వాటికి జీతం తీసుకునే శిక్షకులున్నారు. ఊరి కుక్కకు జీతగాణ్ణి పెట్టేదెవరు?

రాజుల వేటకుక్కల సంగతి వేరు. కర్నూలు ప్రాంతాన్ని కూడా ఏలిన కళ్యాణి చాళుక్యుల వంశంలో మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథాన్ని కూర్చాడు. రాజుల వినోదాలను వివరించే భాగంలో సారమేయ వినోదానికి, అంటే కుక్కలతో ఆడే వేటకు, చోటిచ్చాడు. ఊరకుక్క అందులోకి రాలేదు. విజయనగర కాలానికి వస్తే శ్రీశైలం గుడి ప్రాకారం మీది శిల్పాల వరుసల్లో వేట దృశ్యాలు కనిపిస్తాయి. ప్రబంధ కవులు వేట ఘట్టాల్లో జాగిలాలను విడవకుండా వర్ణించారు. కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ధూర్జటి చెప్పిన తిన్నడు బోయ దొర కొడుకు. అతడే కన్నప్ప. రాజంపేట దగ్గరి ఊటుకూరు అతడి ఊరని స్థానికుల నమ్మకం. శ్రీశైలం మల్లన్నను చెంచులు తమ అల్లుడిగా, చెంచు మల్లయ్యగా కొలుస్తారు. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడి, సంక్రాంతి వెళ్లగానే పారువేటకు బయలుదేరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వస్తాడు. దేవుళ్లే వేటగాళ్లైన సీమ ఇది. వేట ఉన్నచోట కుక్క లేకుండా ఉండదు.

అన్నిటికన్నా వివరంగా చూడాల్సింది మంద కుక్క. ఆలూరు, ఆదోని, పత్తికొండ వైపు కురువలు, మిగతా చోట్ల గొల్లలు గొర్రెలు కాస్తారు. పంటలు ఎత్తేశాక మందలను రైతుల పొలాల్లో నిలిపి ఎరువు వేయించడం, అందుకు గింజలో డబ్బులో పుచ్చుకోవడం పాత ఏర్పాటు. మంద ఊరికి దూరంగా, ఆరుబయట పడుకుంటుంది. దానికి ప్రధాన శత్రువు తోడేలు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు పచ్చిక బయళ్లను 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యంగా ప్రకటించారు. కృష్ణజింకతో పాటు తోడేలు తిరిగే చోటు అది. అలాంటి బయళ్లలో రాత్రి నిద్రపట్టాలంటే కాపరికి గొంగడి ఎంత అవసరమో కుక్క అంత అవసరం.

మంద కుక్క చదువు పుట్టిన చోటే మొదలవుతుంది. దొడ్డి అంచున ఈనిన కుక్క పిల్లలు కళ్లు తెరిచింది మొదలు గొర్రెల వాసనలోనే పెరుగుతాయి. గొర్రెపిల్లల పక్కన పడుకుంటాయి, తల్లి గొర్రె తలతో నెడితే తప్పుకుంటాయి. తల్లి కుక్క ఎప్పుడు లేస్తుందో, ఎటు చూసి మొరుగుతుందో చూసి నేర్చుకుంటాయి. కాపరి సంగటి వండుకున్నప్పుడు కుక్క ముద్ద విడిగా తీసి పెడతాడు. "తో తో" అని పిలిస్తే పరుగెత్తుకొచ్చే అలవాటు ఆ ముద్దతోనే పడుతుంది. గొర్రెపిల్లను తరిమే పిల్లకు అదిలింపు తప్పదు. ఎంత అదిలించినా మానని పిల్లను మందలో ఉంచరు. కాపరి చేతిలో శిక్షణ కన్నా ఎంపికకే ఎక్కువ బలం. తరతరాలుగా మందలో నిలిచిన కుక్కలు ఆ ఎంపికను దాటి వచ్చినవే.

సైన్సు ఈ సంగతిని చాలా ఆలస్యంగా పట్టుకుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు 1965లో అచ్చువేసిన పుస్తకంలో, కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక కీలక కాలం ఉంటుందని చూపించారు. ఆ కాలంలో ఎవరి మధ్య పెరిగితే వాళ్లను తనవాళ్లుగా ఎంచుతుంది, చూడనివాటికి తర్వాత బెదురుతుంది. 1970లలో రేమండ్ కాపింగర్ మంద కాపలా కుక్కల మీద పనిచేసి, పిల్లలను చిన్నప్పుడే గొర్రెల్లో వదలడమే అసలు కిటుకని చెప్పాడు. పత్తికొండ కాపరికి ఇందులో కొత్తేమీ కనిపించదు. అయితే అతడు దాన్ని సిద్ధాంతంగా చెప్పలేదు. దొడ్డి తప్ప అతడికి కుక్కను పెంచే మరో చోటు లేదు.

కురువల దేవుడి పరివారంలోనూ కుక్క ఉంది. మైలారుడిగా, ఖండోబాగా, మల్లన్నగా కన్నడ, మరాఠీ, తెలుగు సీమల్లో కొలుపులందుకునే ఈ పశుపాలకుల దేవుడి పక్కన కుక్క బొమ్మ కనిపిస్తుంది. ఆయన భక్తుల్లో కొందరు తమను తాము దేవుడి కుక్కలుగా చెప్పుకుంటారు. కుక్కలా మొరిగి, పాత్రకు నోరు పెట్టి తినే మొక్కు కన్నడ, మరాఠీ ప్రాంతాల్లో పేరున్నది. కర్నూలు జిల్లాలో నల్ల గొంగడి, ఎలుగు తోలు టోపీ, చేతిలో డమరుకంతో ఆడే గొరవయ్యలు ఈ సంప్రదాయం వాళ్లే. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరంతో పేరుకెక్కిన మాళ మల్లేశ్వరస్వామి కూడా ఈ దేవుడి రూపమే. ఇంతటి గౌరవం కొండ మీద దేవుడి కుక్కకే. కింద ఊళ్లో కుక్క రాళ్లదెబ్బలు తింటూనే ఉంది. బంగారు సింహాసనం ఎక్కించినా కుక్కకు బుద్ధి మారదన్న సుమతీ శతక భావం పిల్లలకు బడిలోనే నూరిపోశారు. మందలో మమత, వీధిలో రాయి: సీమ మనిషికి ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఎప్పుడూ కనిపించలేదు.

నల్లమలలో చెంచుల కుక్క వేటలో తోడు. కుందేలును, ఉడుమును వాసన పట్టి చూపడం దాని పని. లేత కుక్కను ముదురు కుక్క వెంట తోలితే అదే నేర్చుకుంటుంది. వేట పడ్డాక పేగులో, ఒక ముక్కో అక్కడికక్కడే అందుతుంది కాబట్టి ఏ పనికి కూలి దొరికిందో దానికి వేరే చెప్పక్కర్లేదు. చెంచుల జీవనం మీద ఫ్యూరర్ హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. కృష్ణకు అవతలి వైపు నిజాం అడవుల్లోనే ఆయన ఎక్కువగా తిరిగాడు, కానీ ఇవతలి గట్టున ఆత్మకూరు అడవుల చెంచులూ ఆ జనమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1983లో వచ్చిన పులుల అభయారణ్యం వేటను నేరం చేశాయి. గూడెం కుక్కకు ఇప్పుడు మిగిలింది రాత్రి కాపలా ఒక్కటే. అందులోనూ చిరుతకు అదే మొదట దొరుకుతుంది.

1800లో దత్తమండలాలు ఈస్ట్ ఇండియా కంపెనీ చేతికి వచ్చాయి. కర్నూలు నవాబు రాజ్యం 1839 దాకా నిలిచింది. తెల్లదొరల వెంట గొలుసులు, పట్టాలు, విదేశీ జాతి కుక్కలు వచ్చాయి. 1910లో జర్మన్ పోలీసు అధికారి కాన్రాడ్ మోస్ట్ రాసిన పుస్తకంతో లొంగదీసి నేర్పే పద్ధతి యూరప్ పోలీసులకు, సైన్యాలకు పాఠమైంది. మెడపట్టీ గుంజి నొప్పి కలిగించడం, చెప్పినట్టు చేశాక ఆ నొప్పి ఆపడం అందులో ముఖ్యం. కుక్క గొలుసుకు కట్టేసి ఉండాలన్న పట్నవాసపు అలవాటు వెనుక పిచ్చికుక్క భయం కూడా ఉంది. కూనూరులో పాశ్చర్ సంస్థ 1907లో మొదలైంది. అక్కడి మందు జిల్లా ఆసుపత్రులకు చేరాక కూడా బొడ్డు చుట్టూ 14 సూదుల బాధ ఒక శతాబ్దం పాటు జనాన్ని వెంటాడింది. పురపాలక సంఘాలు వీధికుక్కలకు విషం పెట్టి చంపడమే మార్గమనుకున్నాయి.

బహుమతితో నేర్పే పద్ధతి శాస్త్రంగా నిలబడింది 20వ శతాబ్దం నడుమ. కుక్కల లాలాజలం మీద పావ్‌లోవ్ చేసిన ప్రయోగాలు అంతకు ముందే ప్రసిద్ధం. అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1951 డిసెంబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో, చిన్న చప్పుడు, ఆ వెంటనే తిండి, ఈ రెండింటితో ఇంట్లోనే కుక్కకు పనులు నేర్పే తీరు వివరించాడు. అతడి శిష్యులు బ్రెలాండ్ దంపతులు 1947 నుంచే దాన్ని వ్యాపారంగా నడిపారు. డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కారెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం దీన్ని కుక్కలు పెంచేవాళ్ల ఇళ్లకు చేర్చింది. ఇందులో కీలకం తిండి కాదు, వేళ. కుక్క కూర్చున్న క్షణంలోనే ముక్క అందితే కూర్చోవడానికి అది కూలి అవుతుంది. లేచి నిలబడ్డాక అందితే లేవడానికి అవుతుంది. చెంచు వేటలో ఈ వేళ దానంతట అదే కుదిరేది. ఇళ్లలో కుదరాలంటే మనిషి గమనించాలి.

సీమకు ఈ పద్ధతి పోలీసు జీపులో వచ్చిందంటే వింతేమీ కాదు. గ్వాలియర్ దగ్గరి టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం 1970లో జాతీయ కుక్కల శిక్షణ కేంద్రాన్ని పెట్టింది. తెలుగు పోలీసుల జాగిలాలు హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లోని ఇంటెలిజెన్స్ అకాడమీలో తయారయ్యాయి. పిల్లగా ఉండగానే ఒక కానిస్టేబుల్‌ను హ్యాండ్లర్‌గా జత చేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి ఇద్దరిదీ ఒకే తరగతి.

కర్నూలు, కడప డాగ్ స్క్వాడ్‌లకు మిగతా జిల్లాల కన్నా బరువైన పని పడింది. ఫ్యాక్షన్ గ్రామాల్లో గడ్డివాముల్లో, పాడుబడ్డ బావుల్లో, పొలం గట్ల కింద నాటుబాంబులు దాచేవాళ్లు. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే తనిఖీలు తప్పవు. నాటుబాంబు కదిపితే పేలుతుంది. కాబట్టి దొంగను పట్టే కుక్కలా మొరగడం, కాళ్లతో గీరడం ఇక్కడ పనికిరాదు. వాసన తగిలిన చోట కుక్క నిశ్శబ్దంగా కూర్చోవాలి, లేదా కదలకుండా నిలబడాలి.

దాన్ని నేర్పే తీరు ఇది. వరసగా పెట్టిన డబ్బాల్లో ఒకదాంట్లో మాత్రమే పేలుడు మందు వాసన ఉంటుంది. కుక్క ఆ డబ్బా దగ్గర ఆగగానే రబ్బరు బంతి దాని ముందు పడుతుంది, హ్యాండ్లర్ దానితో ఆడతాడు. కొన్నాళ్లకు కుక్క ఆ వాసనను బంతి దొరికే చోటుగా లెక్కవేసుకుంటుంది. తర్వాత కూర్చుంటేనే బంతి. బెదిరించి నేర్పితే ఇక్కడ పని చెడుతుంది. దెబ్బకు జడిసిన కుక్క హ్యాండ్లర్ ముఖం చూసి, వాసన లేకున్నా కూర్చుంటుంది, లేదా తప్పు భయంతో ఉన్నచోటా కూర్చోదు. రెంటికీ మూల్యం మనుషుల ప్రాణాలే. పోలీసులు ఈ దారి పట్టడానికి జాలి కన్నా ఈ లెక్కే పెద్ద కారణం అనుకోవచ్చు.

ఎర్రచందనం దొంగరవాణా మరో పని తెచ్చింది. కడప జిల్లాలోని లంకమల, పాలకొండల అడవులు, వాటిని ఆనుకున్న శేషాచలం, ఈ చెట్టు సహజంగా పెరిగే ఇరుకు నేల. వన్యప్రాణుల అక్రమ వ్యాపారం మీద నిఘా ఉంచే ట్రాఫిక్ (TRAFFIC) సంస్థ 2008లో మనదేశంలో వన్యప్రాణి నేరాలకు ప్రత్యేకంగా కుక్కలను తయారుచేయించడం మొదలుపెట్టింది. పులి, చిరుత చర్మాలు, ఎముకలతో మొదలైన ఆ పాఠాల్లో తర్వాత ఎర్రచందనం వాసన కూడా చేరింది.

పట్నాల్లో కుక్కను పెంచడం ఈ రెండు దశాబ్దాల్లో మారిపోయింది. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు మేడల్లో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు కనిపిస్తాయి. జాగిలాలతో పనిచేసి రిటైరైనవాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు, ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు. పాత గొలుసు గుంజుడూ, కొత్త బిస్కెట్టూ ఒకే వీధిలో పక్కపక్కనే నడుస్తున్నాయి. మొదటి మూడు నెలలు పిల్లను గేటు లోపలే కట్టేసి, ఏడాది తిరిగాక వచ్చినవాళ్లందరినీ కరుస్తోందని బాధపడే ఇళ్లు ఎక్కువ. టీకాలు పూర్తికాక ముందు వీధిలో దించకూడదన్న వైద్యుడి మాట నిజమే. ఎత్తుకుని తిప్పవచ్చునన్నది చాలామందికి తట్టదు.

వీధికుక్కను చంపరాదన్న నియమం 2001లో జంతు జనన నియంత్రణ నిబంధనలతో వచ్చింది. 2023లో వాటిని తిరగరాశారు. పట్టుకోవడం, ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేసి తెచ్చిన చోటే వదలడం, ఇప్పుడిది మున్సిపాలిటీల పని. వ్యాధి ఆగాలంటే ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వలతో ఒకసారి పట్టిన కుక్క మరుసటి ఏడాది బండి చప్పుడుకే పరారవుతుంది. రోజూ ఎవరో ఒకరు ముద్ద పెట్టి మచ్చిక చేసుకున్న కుక్క పిలిస్తే వస్తుంది, పట్టుకుంటే నిలబడుతుంది. టీకా బృందాలు ముందుగా వీధిలో అన్నం పెట్టేవాళ్లెవరో వాకబు చేసేది అందుకే.